కుడిపక్క

ఎమ్మిగనూరు నేతగాడు గిడ్డయ్య కాళ్ళు ఒకచోట ఊరికే ఉండవు. కుర్చీ వేసి కూర్చోబెడితే కుడికాలు నేలను నొక్కుతుంది, ఆ వెంటనే ఎడమకాలు. టీ తాగుతున్నా అంతే, బస్సు కోసం నిలబడినా అంతే. నలభై ఏళ్ళుగా మగ్గం గుంటలో కాళ్ళు దించుకుని కర్రలు తొక్కుతున్న మనిషి. నిద్రలో కూడా తొక్కుతాడని ఆయన భార్య దేవమ్మ నాతో చెప్పింది. "పక్కన పండుకుంటే తన్నులే పాపా, ఇంగ నిద్ర యాడిది?" అని నవ్వింది.

నాకూ నిలకడ లేదు, అందుకే ఆయన నాకు మొదటిరోజే నచ్చాడు. మా నాయన నూర్ బాషా ఆదోనిలో పరుపులు కుడతాడు. కింద అంగడి, పైన ఇల్లు. కింద దూది ఏకితే పైన అన్నంలో పడుతుంది. ఆ దూదిలో కూర్చుని నేను డిగ్రీ చదివాను, హైదరాబాదుకు పారిపోయాను, ఒక చిన్న కంపెనీలో చేరాను. మేము తీసేది తలకు తొడుక్కుని చూసే సినిమాలు. కళ్ళకు పెట్టె తగిలించుకుంటే చుట్టూ నాలుగు దిక్కులా బొమ్మే, తల ఎటు తిప్పితే అటు కనిపిస్తుంది. ఆ పని మీదే మళ్ళీ ఇక్కడికి వచ్చిపడ్డాను. గుంట మగ్గం మీద పదిహేను నిమిషాల సినిమా కావాలని ఒక ప్రదర్శన వాళ్ళు అడిగారు. తీసేవాడు లోకేష్, ఊరూ మనుషులూ తెలిసినదాన్నని నేను.

మొదట ఖాళీ మగ్గం దగ్గర కెమెరా పెట్టి ఒక నమూనా తీశాం. చూసిన వాళ్ళందరూ ఒకే పని చేశారు. పెట్టె తగిలించుకోగానే తమను తాము చూసుకుందామని కిందికి వంగారు. కింద ఒళ్ళు లేదు. మగ్గం ఉంది, గుంట ఉంది, తాము మాత్రం లేరు. ఒకామె భయపడి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. ఇంకొకాయన, చచ్చిపోయాక ఇంటికొచ్చి చూసుకుంటున్నట్టుందన్నాడు. లోకేష్ రెండు రోజులు గోళ్ళు కొరికి, చూసేవాడికి ఒళ్ళు అరువివ్వాలని తేల్చాడు. అంటే మగ్గం మీద నిజంగా ఒక మనిషి కూర్చోవాలి, ఆయన తల ఉండే చోట కెమెరా ఉండాలి. అప్పుడు చూసేవాడు కిందికి వంగితే నేసే చేతులు కనిపిస్తాయి, అవి తనవే అనుకుంటాడు. నేసేవాడు మాత్రం తలను బాగా వెనక్కి వాల్చుకుని, పైకప్పు చూస్తూ నేయాలి. వెనక కనిపించే ఆ తలను తర్వాత కంప్యూటర్లో మేము తుడిచేస్తాం.

చెప్పడానికి బాగానే ఉంది. చేయడానికే ఎవరూ దొరకలేదు. వయసు కుర్రాళ్ళు నలుగురు కూర్చున్నారు. తల వెనక్కి వాల్చగానే అడ్డపోగు లాగే నాడె ఒకడిది కింద పడింది, ఇంకొకడు పడుగులో పది పోగులు తెంపాడు. "సూడకుండా ఎట్ల నేసేదక్కా? ఇదేమన్నా సర్కస్సా?" అని ఒకడు లేచి వెళ్ళిపోయాడు. అప్పుడు వీధిలో ఎవరో గిడ్డయ్య పేరు చెప్పారు.

గిడ్డయ్య కూర్చున్నాడు, తల వాల్చాడు, నేశాడు. గళ్ళ చీర. నాలుగు వేళ్ళ మేర నేయగానే రంగు మార్చాలి. కుడిపక్క పళ్ళెంలో నూలు చుట్టిన కండెలు మూడు కుప్పలుగా ఉన్నాయి. ఆకుపచ్చ, నీలం, ఎరుపు. ఆయన చెయ్యి కిందికి దిగి కావలసిన కండెనే తీసుకుని నాడెలో దూర్చింది. ఒక్కసారి కూడా తప్పలేదు. లోకేష్ నోరు తెరిచాడు. "నా సేతులకు కండ్లుండాయి సార్" అన్నాడు గిడ్డయ్య గర్వంగా. నేనూ చప్పట్లు కొట్టాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఎందుకంటే ఆయన కళ్ళు పోతున్నాయి. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. నీటికాసులట. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది నిలవాలంటే రోజూ చుక్కలు వేసుకోవాలని కర్నూలు డాక్టరు మూడేళ్ళ కిందటే చెప్పాడు. చూపు అంచుల నుంచి మూసుకుంటూ వచ్చి, నడిమధ్య రూపాయి బిళ్ళంత మిగిలింది. అందుకే ఆయన ఏది చూడాలన్నా కోడిలాగా తల అటూ ఇటూ తిప్పేవాడు. నేను దాన్ని అలవాటనుకున్నాను. మగ్గం గదిలో ఉండేది పైకప్పులోని గవాచి నుంచి దిగే ఒక్క వెలుగు. ఆ మసకలో ఆకుపచ్చకూ నీలానికీ తేడా ఆయనకు తెలియదు. పొద్దున్నే కండెలను గడప వెలుతురులో పెట్టి చూసి, కుప్పలు పేర్చుకుని, ఏది ఎక్కడుందో గుర్తు పెట్టుకునేవాడు. చుక్కల సీసాను గూట్లో, పాత కండెల కింద దాచేవాడు. ఎవరికీ చెప్పలేదు, దేవమ్మకు కూడా.

చెబితే మగ్గం పోతుంది. పడుగూ నూలూ ఇచ్చి చీరలు తీసుకునేది సుంకప్ప. మంచివాడే, కానీ కళ్ళు లేనివాడికి గళ్ళ చీర ఇవ్వడు. ఆ వీధిలో ఇప్పటికే మగ్గాలు లేపేసి గుంటలు పూడ్చిన ఇళ్ళు చాలా ఉన్నాయి. గిడ్డయ్యకు తిండి ఒక్కటే భయం కాదు. "మగ్గం ల్యాకుంటే ఈ కాళ్ళను యాడ పెట్టుకునేది పాపా?" అని తర్వాత ఒకరోజు నన్నే అడిగాడు.

ఇంకొక మాట కూడా ముందే చెప్పాలి. నేను మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు మొగుడూ పెళ్ళాల మధ్య ఒక పాత గొడవ నడుస్తోంది. దేవమ్మ చేతులకు గాజులు లేవు. రెండు మణికట్లకూ పసుపు దారాలు కట్టుకుంది. "సూడు పాపా, మూడేండ్లాయ. రాట్నం కాడ పగుల్తాయంట! మొగుడు బతికుండంగా ఒట్టి సేతులేసుకోని తిరుగుతాంది. నేనేమన్నా సచ్చినానా?" అని గిడ్డయ్య నా ముందే అరిచాడు. దేవమ్మ నాకు మజ్జిగ ఇచ్చి కండెలు చుట్టుకోవడానికి పోయింది. ఆయన కాళ్ళు నేలను తొక్కుతూనే ఉన్నాయి.

సినిమా తీసిన రోజు మా నాయన మెడకింద పెట్టుకోవడానికని ఒక చిన్న దిండు కుట్టిచ్చాడు. గిడ్డయ్య దాని మీద తల వాల్చాడు. ఆ తల పైన, వంచిన పైపుకు కెమెరా బిగించాం. అది అన్ని వైపులా చూస్తుంది కాబట్టి గదిలో ఎవరూ ఉండకూడదు. అందరినీ బయటికి పంపి లోకేష్ తలుపు వేశాడు. నేను వీధిలో అటూ ఇటూ తిరిగాను. లోపల మగ్గం చప్పుడు సాగుతోంది. పదిహేను నిమిషాలు ఒకే దెబ్బలో రావాలి. పోగు తెగితే, కండె తప్పితే మళ్ళీ మొదటికి రావాలి. దేవమ్మ నా పక్కనే నిలబడి చీర కొంగు నలుపుతోంది. నీళ్ళు తెస్తానని ఇంటి వెనక్కి పోయింది. ఎంతసేపటికీ రాలేదు. నేను పట్టించుకోలేదు.

అన్నీ సరిగ్గా కుదిరాయి. లోకేష్ ఎగిరి గంతేశాడు.

ఆదోనిలో మా ఇంటి పైగదిలో కంప్యూటర్ పెట్టుకుని చూస్తే అసలు సంగతి బయటపడింది. ఆ కెమెరాకు ముందొక గాజు కన్ను, వెనకొక గాజు కన్ను ఉంటాయి. రెండు బొమ్మలనూ పక్కల్లో కలిపి కుట్టినట్టు అతికిస్తాం. ఆ అతుకు మీద, కుడిపక్క, నేల మీద దేవమ్మ కూర్చుని ఉంది. వెనక తలుపు నుంచి వచ్చినట్టుంది. అతుకు దగ్గర ఆమె చెయ్యి రెండు ముక్కలుగా తెగి కనిపిస్తోంది. లోకేష్ తల పట్టుకున్నాడు. "సినిమా తీయడం చూద్దామని వచ్చి కూర్చుందేమో ఆమె! తల ఎలాగూ తుడవాలి కదా, ఈమెను కూడా తుడిచెయ్ షాహిస్తా. పళ్ళెం ఒక్కటీ ఉంచు" అని చెప్పి హైదరాబాదు బస్సెక్కాడు. నేను కూడా విసుక్కున్నాను. చెప్పింది ఒక్కమాట, గదిలో ఉండొద్దని. అది కూడా వినరా?

తుడిచే పని మొదలుపెట్టకముందే గిడ్డయ్య వచ్చాడు. రమ్మన్నది నేనే. తన చేతులు తాను చూసుకుంటే సంతోషిస్తాడనుకున్నాను. రాకూడదని ఆయన చాలా అనుకున్నాడట. చూడలేక తప్పు చెబితే గుట్టు బయటపడుతుంది. రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతారు. కుర్చీలో కూర్చోగానే కాళ్ళు మొదలయ్యాయి, చెక్క నేల దడదడలాడింది.

పెట్టె తగిలించాను. లోపల బొమ్మ కళ్ళకు బాగా దగ్గరగా, మంచి వెలుగుతో ఉంటుంది. ఆయనకు మిగిలిన ఆ రూపాయంత చూపుకు అది చాలింది. "ఓయమ్మా! నా సేతులే. ఇంత ముసలివైపోయినాయా?" అన్నాడు. మామూలుగా ఈ పెట్టె పెట్టుకున్న వాళ్ళు టీవీ ముందు కూర్చున్నట్టు ఎదురుగానే చూస్తారు. తల తిప్పండి తిప్పండి అని మేము గొంతు చించుకోవాలి. గిడ్డయ్యకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మూడేళ్ళుగా ఆయన లోకాన్ని ముక్కలు ముక్కలుగానే చూస్తున్నాడు. బట్ట చూశాడు, గవాచి చూశాడు, ఎడమ గోడ చూశాడు. మెల్లగా కుడికి తిరిగాడు.

అక్కడ ఆగాడు. దడదడ కూడా ఆగింది. నేను ఆయన కాళ్ళ వైపు చూశాను. రెండూ నేల మీద కదలకుండా ఉన్నాయి.

సినిమా అయిపోయింది. "ఇంగోమాటు ఎయ్యి" అన్నాడు. వేశాను. మొదటి నుంచి చివరిదాకా కుడిపక్కే చూశాడు. లేచి మెట్లు దిగి పోయాడు. మరునాడు మళ్ళీ ఎమ్మిగనూరు నుంచి మొదటి బస్సుకే వచ్చాడు. ఆ మరునాడూ వచ్చాడు. మా నాయన పరుపు కుడుతూ, "ఆయప్ప పని మానుకోని రోజూ ఈడికొస్తాండాడు, నువ్వేం మందు పెట్టినావమ్మీ?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. నాలుగోసారి చూసి పెట్టె తీశాక, గిడ్డయ్యే నోరు విప్పాడు. కళ్ళ సంగతంతా చెప్పాడు. అప్పుడు, "నువ్వు కూడా కుడిపక్క సూడు పాపా" అన్నాడు.

నేను పెట్టె తగిలించుకున్నాను. కిందికి చూస్తే నాకు గిడ్డయ్య ఛాతీ, గిడ్డయ్య చేతులు, గుంటలో గిడ్డయ్య మోకాళ్ళు. కుడికి తిరిగాను. నా మోచేతి పక్కనే దేవమ్మ ముడుచుకుని కూర్చుంది. ఊపిరి బిగబట్టి, పెదాలు కొరుక్కుంటూ నా చేతినే చూస్తోంది. పళ్ళెంలో కుప్పలు ఎప్పుడో కలిసిపోయాయి. నా చెయ్యి మగ్గం వదిలి కిందికి దిగబోతుంది అనగా, ఆమె ఎర్ర కండె తీసి పక్కన పెట్టి, ఆకుపచ్చ కండెను సరిగ్గా ఆ చోట పెట్టింది. నా చెయ్యి దిగింది, దాన్నే తీసుకుంది, ఏ అనుమానమూ లేకుండా పైకి పోయింది. రంగు మారిన ప్రతిసారీ అంతే. ఒకచోట తెగిన పోగు కనబడితే ముందుకు వంగి, నాడె ఆగిన ఆ కాస్త సేపట్లో ముడి వేసి వెనక్కి జరిగింది. చివర్లో ఒక్కసారి తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది. ఆయన తల చోట నేనున్నాను కాబట్టి నా ముఖంలోకే చూసింది. నాకు ఏడుపొచ్చింది. పెట్టె అద్దాల మీద ఆవిరి పట్టింది.

"ఆ సేతులు సూసినావా?" అన్నాడు గిడ్డయ్య. "గాజులుంటే నాకు ఇనపడుతుందని తీసేసినాది. మూడేండ్లు తిట్టినాను పాపా. ఊర్లో అందరి ముందర తిట్టినాను."

నేను ముక్కు తుడుచుకుని, పని సంగతిగా మాట్లాడటానికి ప్రయత్నించాను. "పెద్దనాయనా, ఈమెను తుడిచెయ్యమన్నాడు లోకేష్. ఇప్పుడు ఆలోచిస్తే అదే మేలేమో. ఈ ఆదివారం ఎమ్మిగనూరులో అందరికీ చూపిస్తాం, సుంకప్ప కూడా వస్తాడు. తుడిచేస్తే పళ్ళెం, నీ చెయ్యి మాత్రమే ఉంటాయి. ఎవరికీ ఏమీ తెలియదు. నీ మగ్గం నీకుంటుంది."

ఆయన కాళ్ళు మళ్ళీ మొదలయ్యాయి. లేచి గదిలో అటూ ఇటూ నడిచాడు, బల్లకు గుద్దుకున్నాడు, మెట్లు దిగి పోయాడు. రెండు రోజులు నాది ఒకటే తంతు. తుడవడానికి కూర్చుంటాను, లేస్తాను. ఆమె మణికట్టు దాకా తుడిచి మళ్ళీ వెనక్కి తెచ్చాను. లోకేష్ ఫోను మీద ఫోను చేస్తున్నాడు. శుక్రవారం పొద్దున గిడ్డయ్య ఫోను చేశాడు. వెనక మగ్గం చప్పుడు లేదు. వీధిలో ఎక్కడో నిలబడి గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"తుడవద్దు పాపా. ఆయమ్మను తుడిస్తే ఆ సీర నేసిందెవురు? అది నా ఒక్కడి ఒళ్ళు కాదు ఇంగ."

"సుంకప్ప?"

"సూసుకుందాంలే" అని పెట్టేశాడు. గొంతులో ధైర్యమేమీ లేదు.

లోకేష్‌తో అరగంట పోట్లాడాను. తెగిన చేతిని అతుకు దగ్గర సరిచేసే పూచీ నాదన్నాక ఒప్పుకున్నాడు. రెండు రోజులు కూర్చుని ఆ చేతిని అతికించాను. పరుపుల ఇంటి పిల్లను, అతుకు తెలియకుండా కుట్టడం నాకు రాకపోతే ఎలా?

ఆదివారం మగ్గాల వీధి పక్కన పెళ్ళి హాల్లో ముప్పై మంది దాకా చేరారు. ఒక్కొక్కరూ కాసేపు పెట్టె పెట్టుకోవడం, కిందికి చూసి ఓయబ్బా అనడం, చేతులు గాల్లో ఆడించడం. హాలంతా నవ్వులు. ఒక్కడు కూడా కుడికి తిరగలేదు. నేను కూడా ఎవరినీ తిరగమనలేదు. దేవమ్మ తలుపు దగ్గర నిలబడి మురిసిపోతోంది. కెమెరాకు ముందొక కన్ను, వెనకొక కన్ను ఉన్నాయని ఆరోజు దూరం నుంచే చూసుకుందట. పక్కన కన్ను లేదు కదా, పక్కన కూర్చుంటే దానికి కనబడనని ధీమా. ఆ ధీమా ఇంకా అలాగే ఉంది.

సుంకప్ప కూర్చున్నాడు. పెట్టె తగిలించాను. ఎదురుగా, బట్ట మీదే చూపు. "ఓహో, అంచు బాగొచ్చిందే! గళ్ళు కొలిసినట్టుండాయి. గిడ్డయ్యా, నీ సెయ్యంటే సెయ్యప్పా!" నిమిషాలు గడుస్తున్నాయి. ఆయన మెడ కొయ్యబారినట్టు కదలలేదు. ఇంకో రెండు నిమిషాలైతే సినిమా అయిపోతుంది, మగ్గం నిలుస్తుంది. అయిపోతే బాగుండునని నేను నిజంగా కోరుకున్నాను. గిడ్డయ్య వైపు చూస్తే కాళ్ళు విపరీతంగా కొట్టుకుంటున్నాయి, చేతులతో మోకాళ్ళు నొక్కి పట్టుకున్నాడు.

"కుడిపక్కకు తిరుగు సుంకప్పన్నా" అన్నాడు గట్టిగా.

"ఏముందప్పా ఆడ?"

"తిరుగు. సూడు."

సుంకప్ప తిరిగాడు. నవ్వు ఆగిపోయింది. సినిమా అయిపోయేదాకా అటే చూశాడు. పెట్టె తీసి ఒళ్ళో పెట్టుకుని, "ఎన్నాండ్ల నుంచి?" అన్నాడు.

"మూడేండ్లు. నాకు కండ్లు కనపడవన్నా. ఆయమ్మకు తెలుసని నాకు తెలీదు. రంగులన్నీ ఆయమ్మవే."

తలుపు దగ్గర దేవమ్మ ముఖం తెల్లబోయింది. అయితే ఆమె ఏడుస్తుందనుకున్న వాళ్ళంతా పొరబడ్డారు. జనాన్ని తోసుకుని వచ్చి సుంకప్ప ముందు నిలబడింది. "గూట్లో కండెలు సర్దుతాంటే మందు సీసా దొరికింది. అడిగితే మనిషి ఇరిగిపోతాడని అడగల్యా. మూడేండ్లు! ఒక్క సీర తప్పని ఎనక్కొచ్చిందా సుంకప్పన్నా? నువ్వే సెప్పు, ఒక్కటి?"

సుంకప్ప పెట్టె నా చేతికిచ్చాడు. లేచి చెప్పులు వేసుకున్నాడు. "ఎల్లుండి పడుగు పంపిస్తా. ఇంగ తప్పొస్తే మీ ఇద్దర్నీ అడుగుతా" అన్నాడు. గడప దాటాక వెనక్కి తిరిగి, "దేవమ్మా, సీసా అయిపోతే సెప్పు" అని పోయాడు.

గిడ్డయ్య చొక్కా జేబులో నుంచి కాగితం పొట్లం తీశాడు. ఆదోని బజార్లో కొన్నాడట, ఎప్పుడో నాకు తెలియదు. విప్పితే ఎర్రటి మట్టిగాజులు, డజను.

"ఏసుకో" అన్నాడు. "సప్పుడైతే కానీ."

దేవమ్మ ఒకటి తీసి చేతికి ఎక్కించి చూసుకుంది. సరిగ్గా సరిపోయింది. "నా సెయ్యి కొలత నీకెట్ల తెల్సె? నీకు కనపడదంటివే?"

"నాలుగు మాట్లు సూసినా గదా" అన్నాడు గిడ్డయ్య.